పాయింట్ తర్వాతి రెండో అంకె: కోపం పోవాలని వచ్చిన ఒక సంఘపెద్ద కేసు

ఈ కేసు రాయడానికి ఆ భార్యాభర్తలిద్దరూ ఒప్పుకున్నారు. రాసింది చదివి వినిపిస్తే రెండు చోట్ల దిద్దారు కూడా. ఊరు, వయసులు, పిల్లల వివరాలు, వాళ్ల చర్చి సంఘాన్ని గుర్తుపట్టే సంగతులు మార్చేశాను. పాల సెంటర్ మాత్రం మార్చలేదు. అది తీసేస్తే ఇందులో చెప్పడానికి ఏమీ మిగలదు.

నేను తిరుపతిలో పాస్టరల్ కౌన్సెలింగ్, అంటే విశ్వాసం ఆధారంగా మనుషుల సమస్యలు విని దారి చూపే పని, చేస్తుంటాను. అంతకుముందు కొన్నేళ్లు ఆసుపత్రిలో చాప్లిన్‌గా, అంటే రోగులకు ప్రార్థనతో తోడుండే సేవకుడిగా, ఉన్నాను. మంచం పట్టిన మనిషి పక్కన కూర్చుని ప్రార్థన చేయడం ఒక రకం పని. ఆరోగ్యంగా తిరుగుతున్న మనిషి గుణం మారేదాకా తోడుండడం ఇంకో రకం. ఈ రెండో పనిలో నేనెంత తొందరపడతానో ఈ కేసు నాకు చూపించింది.

నేపథ్యం

ఆయన యాభైకి దగ్గరపడిన మనిషి. చిత్తూరు వైపు ఒక పల్లె. తాతల కాలంలో ఆర్కాట్ మిషన్ బడిలో అక్షరాలు దిద్దుకున్న కుటుంబం. పొద్దున అయిదున్నర నుంచి ఎనిమిది దాకా, సాయంత్రం అయిదు నుంచి ఏడున్నర దాకా ఇంటి వరండాలోనే పాల సెంటర్. నలభై ఇళ్లవాళ్లు పాలు పోస్తారు. ఆ వైపు పల్లెల్లో చాలా ఇళ్లకు పాల బిల్లే జీతం. జెర్సీవో, హెచ్ఎఫ్‌వో (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరజాతి ఆవులు ఒకటో రెండో ఉంటే అంగడి బాకీ, బడి ఫీజు, గడ్డి ఖర్చు అన్నీ దాంట్లోంచే వెళ్లాలి. కాబట్టి సెంటర్ నడిపే మనిషికి ఊళ్లో గౌరవంతో పాటు కొంచెం అధికారం కూడా ఉంటుంది. కాటా మీద పడ్డ అంకెను పుస్తకంలో రాసే చెయ్యి ఆయనదే మరి.

సంఘంలో ఆయన పెద్ద, కోశాధికారి కూడా. ఆదివారం కానుకలు లెక్కపెట్టేది ఆయనే. తాగుడు లేదు, సినిమా లేదు, అప్పు ఎగ్గొట్టిన పేరు లేదు. ఇంట్లో ఒకప్పుడు రెండు ఆవులుండేవి. పొదుగువాపు మాటిమాటికీ వస్తుంటే విసిగి రెండేళ్ల కిందట అమ్మేశారు. ఈ సంగతి మొదటిరోజే మాటల మధ్యలో చెప్పారు, నేను రాసుకున్నాను కూడా. రాసుకున్నది చదువుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది.

వచ్చిన సమస్య

ముందు వచ్చింది భార్య. "అయ్యగారూ, ఆదివారం ఆయన ప్రార్థన చేస్తే సంఘమంతా ఏడుస్తుంది. సోమవారం ఆయన అరిస్తే మేము ఏడుస్తాం" అంది. రాత్రి అన్నం పళ్లెం విసిరేయడం, పిల్లలతో రోజుల తరబడి మాట్లాడకపోవడం, అలిగి తినకుండా పడుకోవడం. ఒకసారి కొడుకును గోడకేసి తోశారు.

ఇలాంటివి విన్నప్పుడు ముందు అడగాల్సినవి కొన్ని ఉంటాయి. కొడతారా? ఇంట్లో ఎవరికైనా ప్రాణభయం ఉందా? ఉంటే గుణం, ఫలం అనే మాటలు పక్కన పెట్టి ముందు వాళ్లను కాపాడే దారి చూడాలి. ఆమెతో విడిగా, కూతురితో విడిగా మాట్లాడాను. తోసింది ఆ ఒక్కసారే అని తేలాకే ఆయన్ను రమ్మన్నాను. మళ్లీ చెయ్యెత్తితే ఇది వేరే దారిలో వెళ్తుందని ఆయనకు మొహం మీదే చెప్పాను.

ఆయన వచ్చి చేతులు కట్టుకుని కూర్చుని అన్న మొదటి మాట నా నోట్సులో ఉన్నదున్నట్టు ఉంది: "ఆత్మ ఫలాలు తొమ్మిదిట్లో ఎనిమిది దేవుడు నాకిచ్చినాడు అయ్యగారూ. దీర్ఘశాంతం ఒక్కటే రాలేదు. దానికోసం ప్రార్థన చేయండి."

ఆత్మ ఫలాలంటే బైబిల్లో గలతీ పత్రిక వరసగా చెప్పే తొమ్మిది మంచి గుణాలు; దీర్ఘశాంతం, అంటే ఓర్పు, వాటిలో ఒకటి. నేను నవ్వుకున్నాను. నవ్వుకోకుండా ఆ వాక్యం పట్టుకుని ఉంటే మూడు నెలలు మిగిలేవి.

మొదట చేసినవి

ఆయన అప్పటికే చాలా చేసి ఉన్నారు. 21 రోజుల ఉపవాస ప్రార్థన. "కోపించుటకు నిదానించువాడునై" అనే యాకోబు పత్రిక వాక్యం గోడకు అతికించుకోవడం. కోపం వస్తే పది అంకెలు లెక్కపెట్టడం. రెండుసార్లు కూటాల్లో ముందుకెళ్లి మోకరించడం. ప్రతిదాని తర్వాతా కొన్ని రోజులు ఇల్లు ప్రశాంతంగా ఉండేది, తర్వాత మామూలే. వీటిని నేను తక్కువచేసి మాట్లాడను. కానీ ఇవన్నీ మందిరంలోనో ప్రార్థన గదిలోనో జరిగినవి. కోపం వచ్చేది వరండాలో, వంటింట్లో.

ముందు తేలిగ్గా సరిచేయగలిగింది చూశాను. ఆయనకు షుగరుంది. సాయంత్రం మాత్ర వేసుకుని, సెంటర్ మూసేదాకా ఏమీ తినకుండా ఉండేవారు. ఆకలి కడుపుతో, షుగర్ పడిపోయి, ఎనిమిదింటికి ఇంట్లోకి వచ్చే మనిషి దగ్గర శాంతం ఎక్కడిది? డాక్టరుకు చూపించి మాత్ర టైము, తిండి టైము సరిచేయించుకోమన్నాను. రెండు వారాలు ఇంట్లో గొడవలు తగ్గాయి. నేను లోలోపల సంతోషపడ్డాను. మూడో వారం బిల్లు రోజు, అంటే రైతులకు పాల డబ్బు ఇచ్చే రోజు, మళ్లీ పళ్లెం ఎగిరింది.

అప్పుడు ఒక చిన్న నోటుబుక్కు ఇచ్చాను. పద్ధతి నాది కాదు. 16వ శతాబ్దంలో జెస్యూట్ సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా చెప్పింది: ఏదో ఒకే ఒక్క తప్పును ఎంచుకోవాలి, రోజుకు రెండుసార్లు ఆగి అప్పటిదాకా అది ఎన్నిసార్లు జరిగిందో గీత మీద చుక్కలు పెట్టుకోవాలి, నిన్నటి గీతతో ఇవాళ్టిది పోల్చుకోవాలి. (ఇది కథోలికులది కదా అని ఆయన సందేహపడ్డారు. పాలు ఎవరి ఆవు ఇచ్చినా కాటా ఒకటే కదా అన్నాను. ఆ కాటా మాట తర్వాత నాకే తగిలింది.) నేను దానికి ఒక్కటి కలిపాను. కోపం రావడానికి సరిగ్గా ముందు ఎవరు ఏ మాట అన్నారో ఆ మాట అలాగే రాయాలి.

మూడు వారాలకు 17 చుక్కలొచ్చాయి. ఎక్కువ భాగం సాయంత్రం సెంటర్ మూసిన గంటలో, బిల్లు రోజుకు ముందూ వెనకా. ముందు మాటలు ఇలా ఉన్నాయి: "ఎంత పడింది నైనా?" అని పాలు పోసిన ముసలాయన. "ఇవాళ మొత్తం ఎన్ని లీటర్లు నాన్నా?" అని కొడుకు. "నా పేర ఎంత పడింది?" అని భార్య. ఆ మూడోదాని పక్కన "పళ్లెం" అని ఒక్క మాట రాసి ఉంది.

అన్నీ ప్రశ్నలే అని గమనించాను. అంతవరకు సరే. దాన్నుంచి నేను తీసిన అర్థమే తప్పు.

నా తప్పు నిర్ధారణ

ఊళ్లో, సంఘంలో పెద్దమనిషి. తనను ఎవరైనా ప్రశ్నిస్తే తట్టుకోలేకపోతున్నారు. కాబట్టి ఇది అహం, దానికి మందు దీనత్వం అనుకున్నాను. సంఘపెద్దల్లో ఈ జబ్బు నేను చాలాసార్లు చూశాను, అందుకే కొత్తగా చూడలేకపోయాను. ఆదివారం అందరికంటే ముందు వెళ్లి మందిరం ఊడ్చి, చాపలు పరిచి, చెప్పులు వరసగా సర్దమన్నాను. ఆరు వారాలు.

ఆయన చక్కగా చేశారు. సంఘమంతా చూసింది. పాస్టరుగారు ప్రసంగంలో ప్రస్తావించారు. "పెద్దగా ఉండి చీపురు పట్టినాడు చూడండి" అని అందరూ మెచ్చుకున్నారు. ఇంట్లో కోపం పెరిగింది. భార్య ఫోన్ చేసి, "మీరిచ్చిన మందు ఆయనకు పౌష్టికాహారం అయింది అయ్యగారూ" అంది. ఆమె మాటల్లో పదునుంది, నాకు తగినంత తగిలింది.

ఇక్కడ ఆగి ఒకటి చెప్పాలి. సద్గుణానికి అభ్యాసం అవసరమన్నది నిజం. కానీ ఎక్కడ అభ్యాసం చేయిస్తున్నామన్నది చూసుకోవాలి. పదిమంది చూసే చోట చేసే దీనత్వం ఆయనకు ఎప్పట్నుంచో అలవాటైన పనే. నేను బలంగా ఉన్న చెయ్యికి వ్యాయామం చెప్పి, పడిపోయిన చెయ్యిని వదిలేశాను.

బస్సులో తట్టిన సంగతి

ఒక కూడికకు చిత్తూరు వెళ్లి తిరుపతి బస్సులో వస్తూ పాత నోట్సు తిరగేస్తున్నాను. మొదటిరోజు పేజీలో "ఆవులు అమ్మేశారు" అని ఉంది. చుక్కల పుస్తకం నకలులో "నా పేర ఎంత పడింది" అని ఉంది. ఇంట్లో ఆవే లేకపోతే భార్య పేర పాలు ఎలా పడతాయి?

తర్వాతి సారి వచ్చినప్పుడు ఇదే ప్రశ్న అడిగాను. గొంతు మామూలుగానే పెట్టి అడిగాను. ఆయన ముందు కోప్పడ్డారు. "మీరు నన్ను దొంగంటున్నారా?" అని లేచారు. తలుపు దాకా వెళ్లి, చెప్పుల్లో కాళ్లు పెట్టి, అక్కడే చాలాసేపు నిలబడ్డారు. నేను ఏమీ అనలేదు. వెనక్కొచ్చి కూర్చున్నారు.

సంగతి ఇది. కాటా మీద 5.48 అని పడితే పుస్తకంలో 5.4 రాస్తారు. 6.09 పడితే 6.0. పాయింట్ తర్వాతి రెండో అంకె ఎప్పుడూ రాయరు. అలా రైతులకు రాయకుండా మిగిలిన పాలు, దాంతోపాటు ఫ్యాట్ (వెన్న శాతం) చూడ్డానికి తీసిన శాంపిల్ పాలు, అన్నీ కలిపి భార్య పేర ఖాతాలో వేస్తారు. నాలుగేళ్లుగా. మొదలుపెట్టింది కూతురు పదో తరగతికి వచ్చినప్పుడు, "చిల్లర కదా" అని. కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర సక్రమంగా ఉంది. "దొంగత్రాసు యెహోవాకు హేయము" అని బైబిలు సామెతల గ్రంథంలో చదివినప్పుడల్లా తన కాటా దొంగ కాటా కాదని సర్దిచెప్పుకునేవారట. కాటా నిజమే చెబుతోంది. చెయ్యి రాయడం లేదు.

ఎవరైనా "ఎంత" అని అడిగితే ఆయనకు వినిపించేది వాళ్ల ప్రశ్న కాదు. నాలుగేళ్లుగా తను వినకుండా దాటేస్తున్న ప్రశ్న.

గలతీ పత్రిక ఐదో అధ్యాయం తెరిచి ఆయన చేతనే చదివించాను. మనం మాటల్లో ఆత్మ ఫలాలు అంటాం గానీ అక్కడున్నది "ఆత్మ ఫలమేమనగా" అని. ఫలము, ఏకవచనం. గ్రీకులోనూ అంతే. తొమ్మిదిట్లో ఎనిమిది వచ్చి ఒకటి రాకపోవడం అనేది ఉండదు. ఇంకోటి, ఆ వరసలో ఏడోది మన బైబిల్లో "విశ్వాసము" అని ఉంది. అక్కడి గ్రీకు మాట పిస్టిస్‌కు నమ్మడం అనే అర్థంతో పాటు నమ్మదగినవాడిగా ఉండడం అనే అర్థం కూడా ఉంది. ఆయన దాన్ని ఎప్పుడూ మొదటి అర్థంలోనే చదువుకున్నారు. నమ్మకత్వం లేని చోట దీర్ఘశాంతం కోసం ఇద్దరం మూడు నెలలు నీళ్లు పోశాం.

తీసుకున్న నిర్ణయాలు, వాటి వెనక ఆలోచన

ఆయన వెంటనే అన్న మాట: "ఈ ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పేస్తాను." వద్దన్నాను. చీపురు అనుభవం నాకు గుర్తుంది. సాక్ష్యం చెబితే కన్నీళ్లొస్తాయి, అందరూ కౌగిలించుకుంటారు, ఎంత ధైర్యం అంటారు. పాలు పోసిన నలభై ఇళ్లలో ఎక్కువమంది ఆ సంఘంలో లేరు, చాలామంది క్రైస్తవులే కాదు. తప్పు ఎవరికి జరిగిందో వాళ్లకు చెప్పకుండా, జరగనివాళ్ల ముందు ఏడవడం ఆయనకు సులువైన దారి.

రెండో ప్రతిపాదన: "చెప్పకుండా క్రిస్మస్‌కు అందరికీ బోనస్‌గా ఇచ్చేస్తా. డబ్బు చేరడమే కదా ముఖ్యం?" దీని మీద నేను ఒక వారం ఆలోచించాను, ఎందుకంటే ఇందులో న్యాయం కొంత ఉంది. పాల సెంటర్ నడిపే ఏజెన్సీ పోయే ప్రమాదం ఉండదు, రైతుకు డబ్బు చేరుతుంది. కానీ వాళ్ల డబ్బే వాళ్లకిచ్చి దాత అనిపించుకున్నట్టవుతుంది. బైబిలు సంఖ్యాకాండం ఐదో అధ్యాయంలో వరస స్పష్టంగా ఉంది: ముందు ఒప్పుకోవాలి, తర్వాత మొత్తం ఇచ్చి దానికి అయిదో వంతు కలపాలి. ఆ వరస తిరగేస్తే ఇది దానం అవుతుంది, తిరిగి చెల్లించడం అవదు. ఏజెన్సీ పోవచ్చని మాత్రం ఆయనకు దాచకుండా చెప్పాను, భార్యతో మాట్లాడి వారం తర్వాత రమ్మన్నాను. ఆమె, "పోతే పోనీ, కుట్టు మిషన్ ఉంది కదా" అందట. తన పేర ఖాతా ఎలా నిండుతుందో ఆమెకు సగం తెలుసు. ఆ సగం ఆమెనూ నిద్రపోనివ్వలేదు.

కానుకల లెక్క సంగతి వేరు. దాన్ని వాయిదా వేయడానికి వీల్లేదు. కోశాధికారి పని నుంచి వెంటనే తప్పుకుంటేనే మన సెషన్లు కొనసాగుతాయని షరతు పెట్టాను. నేనుగా పాస్టరుగారికి చెప్పలేదు, అది ఆయన నోటి నుంచే రావాలి. ఆయన తప్పుకున్నారు, "ఆరోగ్యం బాగాలేదు" అని చెప్పి. నాకు తెలిసి కూడా ఊరుకున్నాను, ఒకేసారి ఎంతని మోపుతామని. ఇప్పుడైతే ఊరుకోను. నిజం నేర్చుకుంటున్న మనిషికి మొదటి వారంలోనే ఒక అబద్ధానికి సెలవిచ్చాను. రెండు నెలల తర్వాత ఆయనే వెళ్లి పాస్టరుగారికి అసలు సంగతి చెప్పి, కానుకల పుస్తకాలు తనిఖీ చేయించుకున్నారు. అక్కడ ఒక్క రూపాయి తేడా లేదు. చాలామందికి ఇది వింతగా అనిపిస్తుంది. నాకు అనిపించలేదు. దేవుడి సంచి అనుకున్న దాని దగ్గర ఆయన చెయ్యి నమ్మకమైనదే. పాల డబ్బా దేవుడి కళ్లముందే ఉందని ఆ చెయ్యికి ఇంకా తెలియదు.

లెక్క కట్టిన మాస్టారు

ఎంత ఇవ్వాలి? రాయని అంకె ఎంతో ఎవరికీ తెలియదు. ఇక్కడ మాకు ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు దొరికారు, వేరే సంఘంవారు. ఆయన చెప్పిన లెక్క తేలిక. రెండో అంకె 0 నుంచి 9 దాకా ఏదైనా కావచ్చు, సగటున 4.5. అంటే పోసిన ప్రతిసారీ 45 మిల్లీలీటర్లు పోయినట్టు. వట్టిపోయిన ఆవులవాళ్లను తీసేస్తే రోజుకు రెండు పూటలా కలిపి 70 సార్లు పోస్తారు. అంటే మూడు లీటర్ల పైన. లీటరు 32 రూపాయలనుకుంటే రోజుకు వంద, నెలకు మూడు వేలు, నాలుగేళ్లకు 1,44,000. పాత రేటు తక్కువే అయినా లెక్క కట్టిన నాటి రేటే వేశారు, తేడా రైతు వైపు ఉండాలని. సగటు కంటే ఎక్కువ పోయినవాళ్లూ ఉంటారు కదా అంటే, దానికే అయిదో వంతు అన్నారు మాస్టారు. మొత్తం 1,72,800.

బైబిల్లో అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానన్న పన్నువసూలుదారు జక్కయ్యలా నాలుగింతలు ఇస్తానన్నారు ఆయన ఆవేశంగా. అంత డబ్బు ఆయన దగ్గర లేదు. అప్పు చేసి ఇస్తే ఆరు నెలల్లో మళ్లీ రెండో అంకె మాయమవుతుంది. నెలకు ఆరు వేల చొప్పున 29 నెలలు అని కుదిర్చాం. ఆవేశం చల్లారాక కూడా నడిచేది కావాలి మాకు.

బిల్లు రోజున ఒక్కొక్కరిని పక్కకు పిలిచి చెప్పి, లెక్క రాసిన చీటీ చేతికిచ్చారు. ఎక్కువమంది తలూపి ఊరుకున్నారు. ఒకాయన, "మాకు తెలుసులే, అన్ని సెంటర్లలో ఉండేదేగా" అన్నారట. ఆ మాట తిట్టు కంటే ఎక్కువ బాధపెట్టిందని చెప్పారు. పై సూపర్‌వైజర్‌కు చెబితే నవ్వి, ఇకమీదట శాంపిల్ పాలు కూడా రాయమన్నారు. ఏజెన్సీ పోలేదు. ఆరు ఇళ్లవాళ్లు మాత్రం వేరే సెంటర్‌కు మారిపోయారు. వాళ్లలో ఒక ముసలి అక్క, భర్త లేని మనిషి, వరండాలోనే నిలదీసింది: "నా మనవడి పాలు తగ్గించి నీకు పోసినా నైనా. ఇన్నాళ్లూ తిన్నావా?" ఆ రోజు చుక్కల పుస్తకంలో ఒక్క చుక్క కూడా లేదు. ఆయనకు కోపం రాలేదు. వచ్చే చోటు లేదు.

పనిచేసింది

రోజువారీ అభ్యాసం మూడే మూడు ముక్కలు. కాటా డిస్‌ప్లే పాలు పోసేవాళ్ల వైపు తిప్పాలి. రాసే ముందు అంకె మొత్తం పైకి చదవాలి: "అయిదు పాయింట్ నాలుగు ఎనిమిది." ఇంట్లో గానీ బయట గానీ ఎవరైనా "ఎంత" అని అడిగితే, మరే మాటకైనా ముందు అంకె చెప్పాలి.

నేను ఒక సాయంత్రం వెళ్లి చూశాను. మొదట్లో గొంతు పెగల్లేదని చెప్పారు. ఇప్పుడు కూరగాయలమ్మే మనిషిలా గట్టిగా చదువుతున్నారు. రోజుకు 70 సార్లు నిజం పైకి చెప్పడం. వారానికోసారి వినే ప్రసంగం ఏదీ ఇన్నిసార్లు నోటిని వంచలేదు.

ఈ దశలోనే ఆయన నన్ను ఒక మంచి ప్రశ్న అడిగారు. "ఇదంతా క్రియలు కాదా అయ్యగారూ? రక్షణ కృపవల్లనే కదా?" మన సంఘాల్లో ఈ ప్రశ్న చాలాసార్లు పని ఎగ్గొట్టడానికి వాడతారు. ఆయన అందుకు అడగలేదు. ఎఫెసీ రెండో అధ్యాయంలో 8, 9 వచనాలు మనందరికీ కంఠతా వచ్చు, 10 దగ్గర ఆగిపోతాం. సత్‌క్రియలు చేయడానికే సృష్టించాడని ఉంది అక్కడ. దాంతో పాటు ఆయనకు తెలిసిన మామిడి తోట ఉదాహరణ చెప్పాను. తోతాపురి అంటు నాటి, మూడునాలుగేళ్లు నీళ్లు కట్టి, పాదులు తీసి, కొమ్మ కత్తిరించే రైతు కాయను తను చేశానని అనుకోడు. పాదు తీయకుండా కాయ రాలేదని దేవుణ్ణి అడగడు కూడా.

ఒక పొరపాటు ఇక్కడా చేశాను. మొదట పాల పుస్తకం రోజూ చూసే పని భార్యకు అప్పగించాను. రెండు వారాలకే ఆమె, "నన్ను పోలీసును చేయొద్దు అయ్యగారూ, నేను ఆయనతో కాపురం చేయాలి" అంది. నిజమే. ఇంట్లో మనిషి కాపలా ఉంటే ప్రతి భోజనం విచారణ అవుతుంది. ఆ పని లెక్కల మాస్టారుకు మార్చాం. శనివారం సాయంత్రం టీ, పాల పుస్తకం, చుక్కల పుస్తకం, అరగంట. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ కాలంలో, 1742లో, ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో మందిరం అప్పు తీర్చడానికి పన్నెండేసి మందిని ఒక క్లాసుగా చేసి వారానికో పెన్నీ వసూలు చేశారు. వసూలుకు ఇల్లిల్లూ తిరిగిన నాయకుడికి ఎవరు ఎలా బతుకుతున్నారో తెలిసొచ్చింది. అక్కడినుంచి ఆ క్లాసులు ఒకరి బతుకు ఒకరు అడిగి తెలుసుకునే కూడికలయ్యాయి. మా మాస్టారు టీ కూడా అలాగే మారింది. లెక్కతో మొదలై కూతురి పెళ్లి భయం దాకా వెళ్లింది.

నాలుగో నెలలో కూతురి ఫీజు కట్టాల్సి వచ్చింది. మూడు రోజులు పైకి 5.48 అని చదివి 5.4 రాశారు. శనివారం మాస్టారు అడగకముందే చెప్పేశారు. నాకు ఫోన్ చేసి, "మళ్లీ మొదటికొచ్చినాను" అని ఏడ్చారు. మొదటికి రాలేదు. మొదట నాలుగేళ్లు దాగిన సంగతి ఈసారి నాలుగో రోజుకు బయటికొచ్చింది. ఆ మూడు రోజుల పాలు అయిదో వంతు కలిపి సోమవారం బిల్లులో వేయమన్నాను, అంతకుమించి ఏమీ చెప్పలేదు. మాస్టారు మాత్రం ఫీజును రెండు వాయిదాల్లో తీసుకుంటారేమో కాలేజీలో అడగమన్నారు. తీసుకున్నారు. నాకు ఆ ఆలోచన రాలేదని ఒప్పుకోవాలి.

నాకు మిగిలినవి

కోపం అని వచ్చిన కేసుల్లో ఇప్పుడు నేను కోపానికి ముందు మాట రాయిస్తాను, రాయించాక దానికి అర్థం చెప్పడానికి తొందరపడను. మనిషి తన గురించి గొప్పగా చెప్పుకున్న వాక్యాన్ని నవ్వి వదిలేయను. అభ్యాసం ఇచ్చేముందు దాన్ని ఎవరు చూస్తారని అడుగుతాను, సంఘం చూసేదైతే ఇవ్వను. ఇక షుగర్ మాత్ర సంగతి ఇప్పటికీ మొదటే అడుగుతాను, ఎందుకంటే అది సగం నిజం, సగం నిజాన్ని వదలకూడదు.

తర్వాత

ఏడాదిన్నర తర్వాత ఇంటికి వెళ్లాను. కోపం పోయిందా అని ఆమెను అడిగాను. "వస్తుంది. పళ్లెం మాత్రం కింద ఉంటుంది" అంది. కొడుకు ఇంకా తండ్రితో పొడిపొడిగానే మాట్లాడుతున్నాడు. ఆ గోడకేసి తోసిన రోజు గురించి ఆయన కొడుకుతో ఒకసారి మాట్లాడారు, వాడు విని లేచి వెళ్లిపోయాడు. దానికి నా దగ్గర లెక్క లేదు.

వేరే సెంటర్‌కు మారిన ముసలి అక్కకు బిల్లులో కలిపి ఇచ్చే వీలు లేదు. ఆమె వాటా లెక్క కడితే 4,976 వచ్చింది. ఆయన చీటీ మడిచి, అయిదు వేలు పట్టుకుని వాళ్లింటికి వెళ్లారు. ఆమె మనవడి చేత చీటీ చదివించుకుంది, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టింది, లోపలికి వెళ్లింది. బయటికొచ్చి 24 రూపాయలు ఆయన చేతిలో పెట్టి, "నీ పైసలు నాకొద్దు" అని తలుపేసుకుంది. పాలు ఇప్పటికీ ఆ వేరే సెంటర్‌లోనే పోస్తోంది.